మాయ దాటని గీత

హిమబిందు పశువైద్య కళాశాలలో మూడో ఏడు చదువుతున్నప్పుడు ఒకే వారంలో రెండు కాన్పులు చూసింది. మొదటిది ఒక తెల్ల పందిది. గంటన్నరలో పదకొండు పిల్లల్ని ఈని, వాటి వెనకే, వాటిని తల్లికి అంటించి ఉంచిన మాయ మొత్తాన్నీ జారవిడిచి, లేచి నిలబడి తౌడు తిన్నది. నేల మీద పడిన రక్తం గ్లాసుడు కూడా లేదు. రెండోది ఆమె అక్క హేమలతది. అది మూడో సిజేరియన్. మాయ పాత కోతల మచ్చలోకి వేళ్ళు దించి, గర్భసంచి గోడను తొలుచుకుని మూత్రాశయం దాకా పోయింది. పంతొమ్మిది యూనిట్ల రక్తం ఎక్కించారు. బిడ్డ బతికింది. అక్క బతకలేదు.

పంది మాయ తల్లి ఒంట్లోకి ఎందుకు చొరబడదు? పదహారో రోజు కర్మ ముగించుకుని హాస్టలుకు తిరిగొచ్చిన హిమబిందు, లైబ్రరీలో కూర్చుని ఆ ఒక్క ప్రశ్నకే జవాబు వెతకడం మొదలుపెట్టింది. జవాబులో సగం పాత ప్రయోగాల్లోనే ఉంది. పంది పిండాన్ని గర్భసంచి బయట, ఒంట్లో ఇంకెక్కడ పెట్టినా అది మొండిగా కండలోకి తవ్వుకుంటూ పోతుంది. గర్భసంచిలో ఉన్నప్పుడు మాత్రం బుద్ధిగా గోడను అంటిపెట్టుకుని ఊరుకుంటుంది. అంటే ఆ మంచితనం పిండానిది కాదు. గీత గీసేది గర్భసంచి. అక్కడి లోపలి పొరలో కొన్ని జన్యువులు గర్భం నిలవగానే మేలుకుని, ఇంతవరకే రా, ఇది దాటకు అని మాయను ఆపుతాయి. అవే జన్యువులు ఆడమనిషిలోనూ ఉన్నాయి. కాకపోతే వాటికి మెలకువ రాదు.

వాటిని లేపాలన్నది ఆమె పట్టుదల. దానికి ఇరవై ఏళ్ళకు పైనే పట్టింది.

అప్పటికి ఆమె మదనపల్లె దగ్గర ఒక పందుల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. కేంద్రం వెనక రేకుల షెడ్డులో కుందేళ్ళను పెంచేది. కుందేలు మాయ కూడా మనిషి మాయ లాగే తల్లి రక్తంలోకి దిగే రకం. వాటి గర్భసంచి మీద చిన్న కోత కోసి, కుట్టి, మానాక జతకట్టించేవారు. సగం కుందేళ్ళలో మాయ ఆ మచ్చలో పాతుకుపోయేది. ఈనేటప్పుడు నెత్తురు ఆగేది కాదు.

ఆమె తయారుచేసిన మందు కొవ్వు బుడగల్లో దాచిన చిన్న సందేశం. కరోనా టీకాల్లో వాడిన తరహాదే. గర్భసంచి పొరలోని కణాలు దాన్ని చదువుకుని, నిద్రపోతున్న జన్యువుల్ని లేపుతాయి. కొన్నాళ్ళకు సందేశం చెరిగిపోతుంది, గీసిన గీత మాత్రం కాన్పు దాకా నిలుస్తుంది.

మొదటి విడతలో ఇరవై కుందేళ్ళకు ఆ మందు ఇచ్చారు. ఇరవైలో ఒక్కటి కూడా రక్తం పోయి చావలేదు. ఆ పూట కేంద్రంలో అందరూ మిఠాయి తిన్నారు. సాయంత్రానికి ఆ తీపి చేదైంది. పుట్టిన పిల్లలు బొటనవేలంత కూడా లేవు, చర్మం ఎముకలకు అంటుకుపోయి ఉంది. మూడు రోజుల్లో తొంభై నాలుగు చచ్చిపోయాయి.

వాటిని గంపలో ఏరి తీసుకెళ్ళి కంపచెట్ల వెనక పూడ్చిపెట్టింది అటెండరు కుళ్ళాయమ్మ. తరతరాలుగా పందులు మేపిన ఎరుకల ఇంటి మనిషి ఆమె. వయసు యాభై అయిదు. పంది నడక చూసి ఏ రోజు ఈనుతుందో చెప్పగలదు. పార కడుక్కుని వచ్చి, బల్ల దగ్గర తలపట్టుకుని కూర్చున్న హిమబిందు ముందు నిలబడింది.

"తల్లిని కాపాడినారు మేడమ్, సరే. కడుపులో పిల్లోళ్ళకు కూడు ఎవురు పెట్టాల?"

మాయ తల్లి రక్తంలోకి దిగేది తిండి కోసమే. దాన్ని గీత దగ్గర ఆపేస్తే పిల్ల పస్తుంటుంది. మరి పదకొండు పిల్లల్ని బొద్దుగా ఈనే పంది ఏం చేస్తోంది?

పది నెలలు ఆ ప్రశ్నతోనే గడిచాయి. వేసవిలో ఒక చూలు పంది పాము కరిచి చచ్చిపోయింది. పోస్టుమార్టం చేసి గర్భసంచి బయటికి తీశారు. కుళ్ళాయమ్మ మాయను బకెట్టు నీళ్ళలో జాడించి, రెండు చేతులతో పరిచి కిటికీ వెలుతురుకు పట్టుకుంది. పల్చటి పొర నిండా నువ్వులు చల్లినట్టు తెల్లటి చుక్కలు.

"ఇవి నోర్లు మేడమ్. ఒక్కో చుక్క కింద తల్లి గోడలో ఊట మాదిరి ఉంటాది. ఈ నోర్లతో దాన్ని తాగతాయి పిల్లలు. మా నాయన చెప్పేవాడు, పంది పిల్లకు పుట్టకముందే పాలు అని."

ఆ చుక్కలకు ఇంగ్లీషులో ఏమంటారో హిమబిందుకు తెలుసు. పరీక్షలో రాసి రెండు మార్కులు తెచ్చుకుంది కూడా. వాటి కింద ఊరేది గర్భపాలు అనీ తెలుసు. గీత ధ్యాసలో పడి, ఆ పాలను ఇన్నేళ్ళూ పక్కన పెట్టింది. పంది గర్భసంచి రెండు పనులు చేస్తుంది. ఒక చేత్తో మాయను ఆపుతుంది, ఇంకో చేత్తో పిల్లకు పాలిస్తుంది. హిమబిందు కాపలావాణ్ణి మాత్రం తెచ్చుకుని వంటమనిషిని వదిలేసి వచ్చింది.

ఆడవాళ్ళ గర్భసంచిలోనూ ఆ పాలు ఊరే గ్రంథులు ఉన్నాయి. మొదటి మూడు నెలలు పిండానికి తిండి అక్కడి నుంచే. ఆ తర్వాత అవి ఊరడం మానుకుంటాయి. వాటిని కాన్పు దాకా ఊరించే రెండో సందేశం తయారుకావడానికి ఇంకో పద్నాలుగు నెలలు పట్టింది. ఈసారి ఇరవై కుందేళ్ళూ సుఖంగా ఈనాయి. నూట ఎనిమిది పిల్లల్లో తొంభై ఏడు బతికాయి. ఒక్కొక్కదాన్నీ తక్కెడలో పెట్టి బరువు చూసి, షెడ్డు గోడకున్న పలక మీద రాసింది కుళ్ళాయమ్మ. మర్నాడు ఇంటి నుంచి అందరికీ బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు చేసుకొచ్చింది.

పరిశోధన పత్రంలో ఆమె పేరు నాలుగోది. పత్రిక సంపాదకులు ఆమె చదువేమిటని అడిగితే, నలభై ఏళ్ళ అనుభవమని హిమబిందు రాసి పంపింది. పేరు అలాగే అచ్చయింది.

తర్వాత హైదరాబాదులో కోతుల మీద పరీక్షించారు. ఎనిమిదింటిలో ఏడు క్షేమంగా కన్నాయి. ఒకదానికి గర్భం పోయింది. ఎందుకు పోయిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ సంగతిని నివేదిక మొదటి వాక్యంలోనే రాసింది హిమబిందు. అన్ని మెట్లూ ఎక్కి, మనుషుల్లో మొదటి పరీక్షకు అనుమతి వచ్చింది. పిండం సిజేరియన్ మచ్చలోనే నాటుకుని, తీయించుకోవడం తప్ప దారి లేదన్న ఆడవాళ్ళకు, వాళ్ళు కోరుకుంటేనే ఇవ్వవచ్చు.

అనుమతి వచ్చిన పదో రోజు ఉదయం కుళ్ళాయమ్మ పనిలోకి ఆలస్యంగా వచ్చింది. ఆమె కూతురు రెడ్డెమ్మ కడుపుతో ఉంది, ఏడో వారం. మదనపల్లెలో స్కూలు యూనిఫారాలు కుట్టే రెడ్డెమ్మకు ఇరవై తొమ్మిదేళ్ళు. అంతకుముందు కన్న ఇద్దరూ సిజేరియన్‌తో పుట్టినవాళ్ళే. పెద్దది ఎనిమిదేళ్ళ ఆడపిల్ల. రెండోవాడు పుట్టిన మూడో రోజున పోయాడు. ఇప్పుడు స్కాన్‌లో పిండం సరిగ్గా ఆ పాత కుట్టులో కూర్చుని కనిపించింది. తిరుపతిలో కాన్పుల డాక్టర్ నస్రీన్ వెంటనే తీసేయాలని చెప్పింది. నెలలు నిండేదాకా మోసిన అలాంటి కడుపులు నస్రీన్ ఇరవై ఆరు కోసింది. నలుగురు తల్లుల్ని కాపాడలేకపోయింది. మిగతా అందరికీ గర్భసంచి తీసేయాల్సి వచ్చింది.

ఇదంతా విన్న హిమబిందు ఇరకాటంలో పడింది. తన దగ్గర పనిచేసే మనిషి కూతురు. నోరు తెరిచి అడిగితే అది అడిగినట్టుండదు, ఒత్తిడి చేసినట్టుంటుంది. విషయాన్ని పరీక్షను పర్యవేక్షించే కమిటీకి తెలిపి, రెడ్డెమ్మను అడిగే పని నుంచి తాను తప్పుకుంది. ఆ పరీక్షకు వైద్యురాలు నస్రీనే. ఒప్పుకుంది గానీ నమ్మకంతో కాదు, చూస్తూ ఇంకొకరిని పోగొట్టుకోలేక. కమిటీ పంపిన వేరే డాక్టరు రెడ్డెమ్మ ఇంటికి వెళ్ళి కుందేళ్ళ సంగతి, కోతుల సంగతి, పోయిన ఆ ఒక్క గర్భం సంగతి అంతా విడమరిచి చెప్పాడు. ఆలోచించుకోవడానికి మూడు రోజులు గడువిచ్చాడు.

ఆయన వెళ్ళగానే కుళ్ళాయమ్మ తలుపు వేసింది.

"తొంభై నాలుగు పిల్లల్ని పూడ్చింది ఈ చేతుల్తోనే. నా బిడ్డ మీద వద్దు."

"ఆ నోర్ల సంగతి చెప్పింది నువ్వే గదమ్మా," అంది రెడ్డెమ్మ.

"కుందేళ్ళకు చెప్పినా. నీకు కాదు."

రెడ్డెమ్మ కుట్టుమిషను మీది నిక్కరు తీసి పక్కన పెట్టింది. ఆమె భర్త గంగాధర టమాటాల లారీ తోలుతాడు. అతను గుమ్మంలో కూర్చుని, నీ ఇష్టమే నా ఇష్టం అన్నట్టు తల వంచుకుని ఉన్నాడు.

"పాత కుట్టు మీద బరువు పడితే గుడ్డ పిగులుతాది మా. దానికి లోపల అస్తరు వేస్తామంటా ఉండారు. వేసినా పిగలచ్చు. వెయ్యకుంటే ఈ బిడ్డ లేదు. దీని గుండె కొట్టుకునేది నేను విన్నా. వేయించుకుంటా."

కుళ్ళాయమ్మ మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని తిరుపతి బస్సు దగ్గర నిలబడి ఉంది. ఒక్కటే షరతు పెట్టింది. బిడ్డ బరువు చూసిన ప్రతిసారీ తాను గదిలో ఉండాలి. ఆ అంకె తనకే మొదట చెప్పాలి.

సూది వేయడానికి పదకొండు నిమిషాలు పట్టింది. నస్రీన్ తెర మీంచి కళ్ళు తిప్పకుండా, సన్నటి సూదిని పొట్ట లోంచి మచ్చ దాకా దించి, రెండు సందేశాలనూ ఒకదాని తర్వాత ఒకటి వదిలింది. హిమబిందు అద్దం అవతల గోడకు ఆనుకుని నిలబడింది.

తొమ్మిదో వారంలో మచ్చ చుట్టూ రక్తప్రవాహం తెర మీద ఎర్రగా, చిక్కుపడిన దారంలా కనిపించింది. నస్రీన్ పెదవి విరిచింది. పదో వారంలో ఆ ఎరుపు పల్చబడింది. పన్నెండో వారంలో మాయకూ గోడకూ నడుమ సన్నటి నల్లని గీత, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా, ఎక్కడా తెగకుండా కనబడింది. పాతికేళ్ళ సర్వీసులో మచ్చ మీద కూర్చున్న మాయ కింద అలాంటి గీతను నస్రీన్ చూడలేదు. ఆమె బయటికి వెళ్ళి, వరండాలో ఉన్న జూనియర్ డాక్టర్లందరినీ లోపలికి పిలిచి చూపించింది. వెళ్ళేటప్పుడు హిమబిందు భుజం గట్టిగా పట్టుకుని వదిలింది.

ఊళ్ళో మాటలు ఊరికే ఉండవు. రెడ్డెమ్మకు పంది కడుపు పెట్టారంట అని మార్కెట్లో ఎవరో అన్నారు. పందిది ఏదీ లేదు, తన పెండ్లాం ఒంట్లో నిద్రపోయినదాన్నే లేపినారని గంగాధర ఓపిగ్గా ప్రతి ఒక్కరికీ చెప్పుకొచ్చాడు. రెడ్డెమ్మ ఆ మాటలు విని నవ్వింది. జూన్ నెల దగ్గరపడింది, కుట్టాల్సిన యూనిఫారాలు గుట్టలుగా ఉన్నాయి.

ఇరవయ్యో వారంలో కష్టం వచ్చింది. బిడ్డ మూడువందల ముప్పై గ్రాములు ఉండాల్సింది, రెండువందల యాభై దగ్గర ఆగింది. కారణం హిమబిందుకు ఆ గదిలోనే అర్థమైంది. కోతి గర్భం అయిదున్నర నెలలు. ఆ కాలానికి సరిపోయిన పాల సందేశం మనిషి తొమ్మిది నెలలకు చాలలేదు. అది చెరిగిపోతోంది, గ్రంథులు ఊట తగ్గిస్తున్నాయి. గీత మాత్రం గట్టిగానే ఉంది. తల్లికి ముప్పు లేదు. బిడ్డే పస్తు.

రెండోసారి సందేశం ఇవ్వవచ్చు. అలా ఎవరికీ, కోతికి కూడా, ఇచ్చింది లేదు. మళ్ళీ సూది గుచ్చితే గీత చెదరవచ్చు, నొప్పులు రావచ్చు. కమిటీ రెండు రోజులు కూర్చుంది. హిమబిందుకు తన లెక్కల మీద తనకే నమ్మకం సడలింది. కళ్ళు మూసుకుంటే గంపలోని కుందేలు పిల్లలే కనిపించాయి. ఇస్తే ఏం కావచ్చో, ఇవ్వకపోతే ఏం కావచ్చో రెండూ దాచకుండా రెడ్డెమ్మకు చెప్పమని కమిటీ నస్రీన్‌ను పంపింది. అంతా విన్నాక రెడ్డెమ్మ అడిగింది.

"తల్లికి పాలు చాలకుంటే పోతపాలు పట్టరా డాక్టరమ్మా? ఇది అంతే గదా?"

నస్రీన్ అంతే అని ఒప్పుకుంది.

ఈసారి సూది వేస్తున్నంతసేపూ కుళ్ళాయమ్మ కూతురి పాదాలు పట్టుకుని కూర్చుంది. రెండు రోజులు నొప్పులు వస్తాయేమోనని చూశారు. రాలేదు. వారం తర్వాత బరువు చూస్తే పెద్దగా తేడా లేదు. కుళ్ళాయమ్మ ఆ అంకె విని, మందులషాపు ముందున్న బెంచీ మీద పోయి కూర్చుంది. హిమబిందు వెళ్ళి పక్కన కూర్చుంది. కుళ్ళాయమ్మే తన పాత గచ్చునేల ఇంట్లో రెడ్డెమ్మ పుట్టిన రోజు గురించి చెప్పుకొచ్చింది, పుట్టినప్పుడు ఎంత చిన్నగా ఉండేదో, చేటలో పడుకోబెట్టి ఎలా పెంచిందో.

రెండో వారం బరువు నాలుగువందల గ్రాములు. నాలుగో వారానికి అయిదువందల అరవై. కుళ్ళాయమ్మ మదనపల్లెకు తిరిగొచ్చి, షెడ్డులో పలక మీద కుందేలు పిల్లల బరువుల కింద ఆ అంకె రాసింది. వారం వారం అది పెరుగుతూ పోయింది. వెయ్యి. వెయ్యిన్నర. రెండు వేలు. కేంద్రంలో గేటు దగ్గరి వాచ్‌మన్ మొదలు డైరెక్టరు దాకా ఆ పలక చూడకుండా ఇంటికి పోయేవారు కాదు.

ముప్పై ఆరో వారం బుధవారం ఉదయం పదింటికి ఆపరేషన్. నస్రీన్ ఏ జాగ్రత్తా వదల్లేదు. పద్నాలుగు యూనిట్ల రక్తం తెప్పించి పెట్టింది. మూత్రాశయం సర్జన్ చేతులు కడుక్కుని పక్కనే నిలబడ్డాడు. అవసరమైతే గర్భసంచి తీయడానికి రెడ్డెమ్మ సంతకం కూడా తీసుకున్నారు. నడుముకు మత్తు ఇచ్చారు కాబట్టి రెడ్డెమ్మ మెలకువగానే ఉంది.

పది పదిహేడుకు బిడ్డ బయటికి వచ్చింది. ఆడపిల్ల. గదంతా అదిరేలా ఏడ్చింది. ఎవరూ ఇంకా నవ్వలేదు. అసలు పని మాయతో.

ఇలాంటి కడుపులో మాయను లాగకూడదు. లాగితే గోడతో పాటు వస్తుంది, ఆ వెనకే రక్తం వరదలా వస్తుంది. నస్రీన్ చేతులు దూరంగా పెట్టుకుని ఎదురుచూసింది. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషంలో మాయ ఒక అంచు తనంతట తానే లేచింది. మెల్లగా, తడిసిన గోడ మీంచి కాగితం ఊడినట్టు, మచ్చ దగ్గరికొచ్చింది. అక్కడ క్షణకాలం ఆగింది. తర్వాత మచ్చనూ విడిచిపెట్టి, మొత్తంగా నస్రీన్ అరచేతుల్లోకి జారింది.

నస్రీన్ మాయను ట్రేలో పెట్టి, రక్తం కోసం గుడ్డలు పట్టుకుని నిలబడింది. రక్తం రాలేదు. మామూలు కాన్పులో పోయేంత పోయింది, అంతే. గర్భసంచి ఆమె కళ్ళ ముందే బిగుసుకుని పిడికిలిలా ముడుచుకుంది. మూత్రాశయం సర్జన్ వంగి చూసి, తనకిక్కడ పని లేదని చెప్పి తొడుగులు విప్పేశాడు. నస్రీన్ ఇంకా ఆ గుడ్డలు పట్టుకునే ఉంది. మత్తు డాక్టరు, మేడమ్ కుట్టండి అని గుర్తుచేయాల్సి వచ్చింది.

"సంచి తీసేసినారా డాక్టరమ్మా?" అని తెర అవతలి నుంచి రెడ్డెమ్మ అడిగింది.

"లేదు తల్లీ. నీది నీకే ఉంది." నస్రీన్ కుట్టడానికి సూది అందుకుంది. "చిన్న చిల్లు కూడా పడలేదు."

గోడవార నిలబడిన హిమబిందు అప్పుడు ఏడ్చింది. ముసుగు తడిసిపోయేదాకా, సిగ్గుపడకుండా ఏడ్చింది. నర్సు ఒకామె వచ్చి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది.

బయట నర్సు బిడ్డ బరువు చెబితే కుళ్ళాయమ్మ ఒప్పుకోలేదు. తన కళ్ళ ముందు మళ్ళీ తూచమంది. తూచారు. రెండు కేజీల నాలుగువందల ఇరవై. ఆ అంకెను వరండా అంతా వినబడేలా చదివింది. తెలియనివాళ్ళు కూడా తిరిగి చూసి నవ్వారు. పద్నాలుగు యూనిట్ల రక్తం సీలు విప్పకుండానే బ్లడ్‌బ్యాంకుకు తిరిగిపోయింది. గంగాధర లారీ యజమానికి ఫోను చేసి ఏదో చెప్పబోయి, చెప్పలేక, ఫోను కుళ్ళాయమ్మ చేతికిచ్చాడు.

నస్రీన్ ఆపరేషన్ థియేటర్ బట్టలతోనే తన గదికి వెళ్ళి, ముందురోజు చూసిన ఒక కేసు కాగితాలు తీసింది. కదిరి నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. పిండం మచ్చలోనే ఉంది. శుక్రవారం తీసేద్దామని తానే చెప్పి పంపింది. నస్రీన్ స్వయంగా ఆమెకు ఫోను చేసింది. తీసేయాలన్న మాటను వెనక్కి తీసుకుంటున్నానని, ఇంకో దారి ఉందని, అది కొత్తదనీ, ఇప్పటికి ఒక్కరే ఆ దారిన నడిచారనీ చెప్పింది. వచ్చి చూసుకుని, అడగాల్సినవన్నీ అడిగి, తర్వాతే తేల్చుకోమంది.

ఆ అమ్మాయి శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి భర్తతో వచ్చింది. నస్రీన్ ఆమెను తన గదికి కాకుండా ముందు వార్డుకు తీసుకెళ్ళింది. రెడ్డెమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. కదిరి అమ్మాయి మంచం పక్కన నిలబడింది. ఏం అడగాలో తెలియక కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది. రెడ్డెమ్మ ఆమె ముఖం చూసి, పాలు తాగి నిద్రలోకి జారిన బిడ్డను రెండు చేతులతో పైకెత్తి చాపింది.

"ముందు దీన్ని ఎత్తుకో. బరువు చూడు. తర్వాత మాట్లాడుకుందాం."